పరభాషా పరిచయము: స్పానిషు భాషలో ‘గలను, వలెను, రాదు’



గడచిన మాసమున ఈ పుటలలో స్పానిషు క్రియల వర్తమానకాల రూపములను చెప్పి, తుదిని ‘దెబేర్’ అను క్రియకు ‘వలెను’ అని ఒక్కమాటలో అర్థము వ్రాసి విడిచితిమి. ఆ యొక్కమాట చాలదని ఒక సోదరి లేఖవలన మాకు తెలిసినది.

ఆమె తన కుమార్తె పురిటికై స్పెయిను దేశమునకు పోయి యుండిరి. కుమార్తెకు శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసిరి. ఇంటికి పంపు దినమున, అల్లుడు మందులకై పోయిన వేళ, దాది యొకతె వచ్చి తల్లితో “నో దేబె లెబంతార్ పేసో” అని చెప్పిపోయినది. ‘లెబంతార్’ అనగా ఎత్తుట, ‘పేసో’ అనగా బరువు. ‘దేబె’ అనగా ‘వలెను’ అని మా పుటలలో చదివినదే. ‘నో’ అనగా కాదు, లేదు. కావున “ఈమె బరువెత్తవలసిన పనిలేదు” అని ఆ తల్లి గ్రహించిరి. పనిలేదన్నారే గాని తప్పనలేదు కదా యనుకొని, నాలుగవనాడు కుమార్తె తడిబట్టల బుట్ట నెత్తుచుండగా వారింపలేదు. కుట్లు నొచ్చినవి. మరల వైద్యుని కడకు పోవలసి వచ్చినది. దైవానుగ్రహమువలన ఇప్పుడు తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు.

“దాది చెప్పినది ఎత్తరాదని, నేను వినినది ఎత్తనక్కరలేదని” అని ఆ సోదరి వ్రాసినారు. ఆమె మమ్ము నిందింపలేదు. కాని తప్పు మాదే. సగము చెప్పిన అర్థము చెప్పని అర్థముకంటె కీడు చేయును. కావున ఈ మాసమున ఇతర విషయములను ప్రక్కకు నెట్టి, గలను, వచ్చును, వలెను, రాదు, అక్కరలేదు అను మాటలను స్పానిషున ఎట్లు పలుకవలెనో వివరింతుము.

మూలసూత్రము

స్పానిషు నిఘంటువులో ప్రతి క్రియయు ‘ఆర్’, ‘ఏర్’, ‘ఈర్’ అను మూడింటిలో నొకదానితో ముగియును. ‘ఆబ్లార్’ మాటలాడుట, ‘కొమేర్’ తినుట, ‘బిబీర్’ నివసించుట. ఈ రూపము పనిని మాత్రమే చెప్పును. ఎవరు చేయుదురో, ఎప్పుడు చేయుదురో చెప్పదు.

ఇట్టి రూపము మన భాషలోను కలదు. ‘తినగలను’ అను మాటను విడదీసి చూడుడు. ‘తిన’ అనునది ఒకటి, ‘గలను’ అనునది రెండవది. ‘తినగలను, తినగలవు, తినగలదు’ అనునపుడు మారునది ‘గల’ తరువాతి భాగమే, ‘తిన’ మారదు. మన వ్యాకరణవేత్తలు ఈ ‘తిన, పోవ, చేయ’ రూపములను తుమున్నర్థకములనిరి. స్పానిషులోని ‘కొమేర్’ ఇచ్చట మన ‘తిన’ చేయు పనినే చేయును. భేదమొక్కటే: మనము సహాయక్రియను వెనుక తగిలింతుము, వారు ముందుంచుదురు. ‘తిన గలను’ అనుదానిని తలక్రిందులు చేసినచో ‘గలను తిన’ అగును. అదియే “ప్వేదో కొమేర్”.

‘పొదేర్’ (శక్తి కలిగియుండుట) అను క్రియ ఈ విధముగా మారును:

నేను గలను: ప్వేదో
నీవు గలవు: ప్వేదెస్
ఆమె, అతడు గలరు: ప్వేదె
మేము గలము: పొదేమోస్
వారు గలరు: ప్వేదెన్

మీరు అనుటకు స్పెయినున చనువుగల పలువురితో ‘పొదేఇస్’ అందురు. అమెరికా ఖండపు దేశములలో అచ్చటను ‘ప్వేదెన్’ అనియే వాడుదురు. పెద్దవారిని, పరిచయము లేనివారిని ఒక్కరిని గౌరవించి పలుకునపుడు ‘ఉస్తేద్’ అని, క్రియను మాత్రము ప్రథమపురుషలో, అనగా ‘ప్వేదె’ అని చెప్పవలెను. ఇది వింతగా తోచనక్కరలేదు. మనము పెద్దలతో “తాము దయచేసినారా?” అనునపుడు ఎదుటనున్నవారినే ప్రథమపురుషతో చెప్పుచున్నాము గదా!

మనవారు చేయు మూడు పొరపాట్లు

మొదటిది, రెండు క్రియలను మార్చుట. గడచిన మాసమున ‘కోమో’ అనగా ‘తినుచున్నాను’ అని చెప్పితిమి. అది కంఠస్థమైనవారు “ప్వేదో కోమో” అందురు. అది ‘తినుచున్నాను గలను’ అన్నట్లుండును. మార్పునకు లోనగునది మొదటి క్రియ మాత్రమే.

రెండవది ఇంగ్లీషు చదివినవారికి వచ్చు తెవులు. ఇంగ్లీషున రెండు క్రియల నడుమ ‘టు’ అను చిన్న మాట తరచుగా వచ్చును. దానిని తలచుకొని స్పానిషున నడుమ ‘ఆ’ అను మాటను చేర్చి “కియేరో ఆ కొమేర్” అందురు. ‘పొదేర్, కెరేర్, దెబేర్, సబేర్’ అను నాలుగింటి తరువాత నడుమ ఏమియు నుండదు. ‘తెనేర్’ అనుదాని తరువాత మాత్రము ‘కె’ అను మాట తప్పక ఉండవలెను.

మూడవ పొరపాటు తెలుగువారికే ప్రత్యేకము. మన ‘గల’ పురుషభేదముననుసరించి మారును గాని మన ‘వలెను’ మారదు. నేను పోవలెను, నీవు పోవలెను, వారు పోవలెను: అన్నిటికి నొక్క ‘వలెను’ చాలును. ఆ అలవాటున స్పానిషులోను ‘దేబె’ యను నొక్కరూపమునే అందరికిని వాడి, “నేను పోవలెను” అనుటకు ‘దేబె’ అందురు. వినువారు “ఎవరు పోవలెను?” అని అడుగుదురు. ‘నేను’ అని చెప్పదలచినచో ‘దేబో’ యనవలెను.

ఒక్కొక్క సహాయక్రియ

పొదేర్: ఇది మన ‘గలను’, ‘వచ్చును’ అను రెండు అర్థములను మోయును. “ప్వేదో కామినార్” అనగా నడువగలను. “ప్వేదో ఎంత్రార్?” అని ప్రశ్నగా పలికినచో, లోనికి రావచ్చునా యని అర్థము. శక్తియు అనుమతియు ఒకే మాటలో నుండుటచే సందర్భమును చూచి గ్రహింపవలెను.

సబేర్: తెలియుట యని దీని అసలు అర్థము. నేర్చుకొనిన విద్యను గూర్చి చెప్పునపుడు ‘పొదేర్’ కాక దీనిని వాడుదురు. ‘నేను’ అనునపుడు రూపము ‘సే’; ‘ఆమె’ అనునపుడు ‘సాబె’. “సే కొసినార్” అనగా నాకు వంట వచ్చును. “ప్వేదో కొసినార్” అనగా వండగలను, అనగా ఇప్పుడు తీరిక కలదు, పొయ్యి కలదు, కావున వండుటకు వీలున్నదని. చేతికి గాయమైన గృహిణి “సే కొసినార్, పెరో నో ప్వేదో” అనవచ్చును: వంట వచ్చును గాని వండలేను. ఈ భేదము మనకు క్రొత్త కాదు. ‘ఈత వచ్చును’ అనుటకును ‘ఈదగలను’ అనుటకును గల భేదమే. (‘కొసినార్’ లోని ‘సి’ని స్పెయినున అధికభాగమున ‘థి’వలె పలుకుదురు, అమెరికా ఖండమున ‘సి’ యనియే.)

కెరేర్: కోరుట. నేను ‘కియేరో’, నీవు ‘కియేరెస్’, ఆమె ‘కియేరె’, మేము ‘కెరేమోస్’, వారు ‘కియేరెన్’. “కియేరో బెబేర్ ఆగ్వా” అనగా నీరు త్రాగగోరుచున్నాను. తెలుగున మనము ‘నాకు నీరు కావలెను’ అందుము. కోరిక ఎక్కడనుండియో వచ్చి మనయందు చేరినట్లు చెప్పుదుము. స్పానిషున కోరువారు తామే కర్తలు. ‘నాకు’ అనుటకు తావులేదు. మనలో ననేకులకు ‘పిల్లలకు కావలెను’, ‘వారికి కావలెను’ అనుట అలవాటే గాని, తన కోరికను తానే కర్తయై పలుకుట అలవాటులేదు. అట్టి సోదరీమణులు ‘కియేరో’ అను మాటను దినమునకు పదిమారులు బిగ్గరగా పలికి చూడుడు. ఇది వ్యాకరణాభ్యాసము మాత్రమే కాదు.

దెబేర్, తెనేర్ కె: రెండును ‘వలెను’ అనియే అర్థమిచ్చును గాని, ఒత్తిడి ఎచ్చటనుండి వచ్చునో యందు భేదము. ‘దెబేర్’ ధర్మమును, కర్తవ్యమును, పెద్దల హితవును చెప్పును. ‘తెనేర్ కె’ పరిస్థితి చేయు నిర్బంధమును చెప్పును. “దేబో బిసితార్ ఆ మి స్వేగ్రా” యనినచో, అత్తగారిని చూడబోవలెను, అది నా విధి యని. “తెంగో కె బిసితార్ ఆ మి స్వేగ్రా” యనినచో, పోక తప్పదు, కబురు వచ్చినది, బండికి వేళయైనది యని. ఏ కోడలు ఏది వాడునో ఆమె ఇష్టము! నిత్యవ్యవహారమున ‘తెనేర్ కె’ యే ఎక్కువగా వినబడును. దీని రూపములు: తెంగో కె, తియేనెస్ కె, తియేనె కె, తెనేమోస్ కె, తియేనెన్ కె.

‘దెబేర్’ తరువాత ‘దె’ అను మాట చేర్చినచో ఊహ యగును. “దేబె దె ఎస్తార్ ఎన్ఫేర్మా” అనగా ఆమెకు జబ్బుగా నుండి యుండవలెను. మన ‘వలెను’ కూడ ఇట్లే ఊహకు వచ్చుట గమనింపుడు.

ఆయ్ కె: ఎవరనక అందరికి వర్తించు ‘వలెను’. “ఆయ్ కె ఎస్పెరార్” అనగా వేచియుండవలెను. ఇది ఏ పురుషమునకును మారదు. మన ‘వలెను’ వంటి మాట ఒక్కటైనను దొరికినదని సంతోషింపుడు.

‘నో’ చేరినపుడు

ఇప్పుడు ఆ సోదరి లేఖకు వత్తము. ‘నో’ అను మాట ఎల్లప్పుడును సహాయక్రియకు ముందు నిలుచును. కాని అది చేరగనే ‘దెబేర్’, ‘తెనేర్ కె’ అను రెండు కవలలును వేరు త్రోవలు పట్టును.

నో ప్వేదె లెబంతార్ పేసో: బరువెత్తలేదు, లేదా, ఎత్తుటకు అనుమతి లేదు.
నో దేబె లెబంతార్ పేసో: బరువెత్తరాదు, ఎత్తకూడదు.
నో తియేనె కె లెబంతార్ పేసో: బరువెత్తనక్కరలేదు.

మొదటి రెండింటిని వినినచో పనిని మానవలెను. మూడవదానిని వినినచో చేయుటయు మానుటయు మన ఇష్టము. తెలుగున ‘రాదు’, ‘అక్కరలేదు’ అను రెండు మాటలు వేరువేరుగా నుండుటచే మనకీ భేదము చిన్ననాటనుండి తెలిసినదే. కావున ‘వలెను’ అను అర్థముతో ‘నో’ను కూడి లెక్క కట్టకుడు. ‘నో దేబె’ యను రెండు మాటలను కలిపి ఒకే మాటగా, ‘రాదు’ అని కంఠస్థము చేయుడు. ‘నో తియేనె కె’ యను దానిని కలిపి ‘అక్కరలేదు’ అని కంఠస్థము చేయుడు.

ఇంకొక హెచ్చరిక. వాడుకలో కొందరు ‘నో తియేనె కె’ యనుదానిని మందలింపుగా, ‘చేయరాదు’ అను భావముతోను పలుకుదురు. కావున మందు, పథ్యము, పసిబిడ్డ, శస్త్రచికిత్స మొదలగు విషయములలో ఊహింపక మరల అడుగుడు. అడుగుటకు చిన్న ప్రశ్న చాలును: “ప్వేదె ఓ నో ప్వేదె?” అనగా, చేయవచ్చునా చేయరాదా? చెప్పువారు ‘నో ప్వేదె’ యనినచో సందేహము తీరును. అక్కరలేదను భావమును ఏ సందేహమునకును తావులేక చెప్పునది “నో ఎస్ నెసెసారియో” అను మాట: అవసరము కాదు. దానిని కూడ జ్ఞప్తియందుంచుకొనుడు.

‘నో’ను సహాయక్రియకు ముందు కాక తరువాత నుంచినచో అర్థము మారును. “నో ప్వేదో ఈర్” అనగా పోలేను. “ప్వేదో నో ఈర్” అనగా పోకుండ నుండగలను. ఆరంభదశలో మొదటి తీరునే వాడుట క్షేమము.

భోజనపు బల్లవద్ద

శాకాహారులైన సోదరీమణులకు ఈ పాఠము మిక్కిలి ఉపయోగకరము. “నో కోమో కార్నె” అనగా మాంసము తినను. ఇది అలవాటును చెప్పును. “నో ప్వేదో కొమేర్ కార్నె” అనగా తినలేను, తినరాదు. ఏదో నియమమో, అనారోగ్యమో కలదని తలచి గృహస్థులు బలవంతపెట్టరు. “నో కియేరో కొమేర్ కార్నె” అనగా తినుటకు నాకిష్టములేదు. ప్రేమతో వడ్డించువారితో ఇట్లనుట కొంత కటువు. మూడును నిజమే యైనను, అతిథియైనవారికి మొదటిది గాని రెండవది గాని తగును.

ఇచ్చట నొక చిక్కు కలదు. ‘కార్నె’ యనగా పలుచోట్ల గోమాంసము, పందిమాంసము మొదలగువానినే తలచుదురు. కోడిని, చేపను దానిలో చేర్చరు. కావున “ని పోయో ని పెస్కాదో”, అనగా కోడియు వద్దు చేపయు వద్దు, అని చేర్చి చెప్పుడు. లేనిచో మాంసము లేదని చెప్పి చేపముక్కను వడ్డించిన సందర్భములు పలువురికి అనుభవమే.

అంగడిలోను, భోజనశాలలోను ‘కియేరో’ తప్పు కాదు గాని, మెత్తనిమాట కావలెననినచో ‘కిసియేరా’ యనుడు: “కిసియేరా కొంప్రార్ అర్రోస్”, బియ్యము కొనదలచితిని. అట్లే సహాయము కోరునపుడు ‘ప్వేదె’కు మారుగా ‘పొద్రీయా’ యనినచో వినయము తోచును: “పొద్రీయా ఆయుదార్మె?”, తాము నాకు సహాయము చేయగలరా? ఈ ‘ఆయుదార్మె’లో ‘ఆయుదార్’ సహాయము చేయుట, ‘మె’ నాకు. ఈ ‘మె’ వంటి చిన్న మాటలు రెండవ క్రియ తుదను అంటుకొనియైనను ఉండవచ్చును, లేదా మొదటి క్రియకు ముందు విడిగా నుండవచ్చును: “మె పొద్రీయా ఆయుదార్?” రెండు క్రియల నడుమ మాత్రము దానిని విడిమాటగా నిలుపరాదు.

పెద్దవయసున నేర్చుకొనువారికి

“నలుబదియేండ్లు దాటినవారికి పరభాష వచ్చునా?” అని మరియొక సోదరి అడిగినారు. స్పానిషు భాషకు వ్యాకరణము పుట్టిన కథయే దీనికి సమాధానము. 1492వ సంవత్సరమున ఆంతోనియో దె నెబ్రీహా యను పండితుడు కస్తిలియను భాషకు, అనగా నేటి స్పానిషునకు, వ్యాకరణమును అచ్చువేయించి, ఇసబేల్ రాణికి అంకితమొసగెను. ఆ రాణి 1451లో జన్మించినది. చిన్ననాట లాటిను చక్కగా నేర్వనందున రాజ్యమునకు వచ్చిన పిమ్మట ఆ భాషను నేర్చుకొనినది. ఆమెకు లాటిను నేర్పినవారిలో బెయాత్రిస్ గాలిందో యను విదుషీమణి ప్రసిద్ధురాలు. ఆ విదుషిని జనులు ‘లా లతీనా’ యని పిలిచిరి. మాద్రిదు నగరమున నేటికిని ఒక పేట ఆమె పేరనే ‘లా లతీనా’ యని వ్యవహరింపబడుచున్నది. రాజ్యభారము మోయుచు ఒక స్త్రీ మరొక స్త్రీ వద్ద కూర్చుండి వ్యాకరణము వల్లెవేయగా, సంసారభారము మోయుచున్న మనము దినమునకు అరగంట చదువలేమా?

నేడు 20 దేశములలో స్పానిషు అధికారభాషగా నున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని టెక్సాసు, కాలిఫోర్నియా రాష్ట్రములందు కాపురమున్న మన ఆడపడుచులకు ఇరుగుపొరుగున వినబడునదియు ఇదియే. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమునను స్పానిషు బోధింపబడుచున్నది. కాని పురిటికో, పుట్టినబిడ్డను చూచుటకో ప్రయాణమగు తల్లికి విశ్వవిద్యాలయము దూరము. ఆమెకై ఈ పుటలు.

అభ్యాసము

ఈ క్రింది వాక్యములను స్పానిషులోనికి మార్చుడు. ‘ఈర్’ పోవుట, ‘పగార్’ డబ్బు చెల్లించుట, ‘దొర్మీర్’ నిద్రించుట, ‘ఆబ్లార్’ మాటలాడుట, ‘ఎస్పాన్యోల్’ స్పానిషు.

1. నేను పోగోరుచున్నాను.
2. ఆమె నిద్రింపవలెను (విధి).
3. మేము డబ్బు చెల్లింపక తప్పదు.
4. ఆమె పోరాదు.
5. ఆమె పోనక్కరలేదు.
6. నాకు స్పానిషు మాటలాడుట వచ్చును.

సమాధానములు: 1. కియేరో ఈర్. 2. దేబె దొర్మీర్. 3. తెనేమోస్ కె పగార్. 4. నో దేబె ఈర్. 5. నో తియేనె కె ఈర్. 6. సే ఆబ్లార్ ఎస్పాన్యోల్.

నాలుగవదానిని ఐదవదానిని తారుమారు చేసినవారు దయచేసి ‘నో’ను గూర్చి వ్రాసిన భాగమును మరల చదువుడు. తక్కినవి తప్పినను కీడులేదు.

ఒక్క మాట మిగిలినది. ఈ పాఠమున కోరువారును చేయువారును ఒక్కరే యైనపుడు మాత్రమే రెండవ క్రియను మార్పులేక నిలుపవలెనని చెప్పినట్లు. “నేను పోగోరుచున్నాను” అనుటకు “కియేరో ఈర్” సరి. కాని “ఆమె పోవలెనని నేను కోరుచున్నాను” అనుటకు ఇది చాలదు; కోరునది నేను, పోవునది ఆమె. దానికి వేరొక రూపము కావలెను. ఆ సంగతిని వచ్చు మాసమున సగముగా గాక పూర్తిగా చెప్పుదుము.

లేఖ వ్రాసిన సోదరికి మా కృతజ్ఞతలు. పాఠములో దోషము కనబడినపుడు ఇతరులును ఇట్లే వ్రాయగోరుచున్నాము. ఆమె మనుమరాలికి మా ఆశీస్సులు.